ఏ అలీతో ఏ మార్సియానో?

1967లో అమెరికాలోని మయామీలో మర్రీ వోరోనర్ అనే రేడియో నిర్మాత ఒక బాక్సింగ్ టోర్నమెంటు పెట్టాడు. అందులో తలపడిన 16 మంది ఛాంపియన్లలో ఒక్కరు కూడా రింగులోకి దిగలేదు. కొందరు అప్పటికే చనిపోయారు, కొందరు ముసలివాళ్లయ్యారు. 250 మంది దాకా బాక్సింగ్ నిపుణులనూ విలేఖరులనూ వాకబు చేసి, ఎవరి వేగం ఎంత, ఎవరి దెబ్బలో బలమెంత, ఎవరి ముఖం తొందరగా చిట్లుతుంది వంటి సంగతులన్నీ అంకెల్లోకి మార్చి ఎన్‌సీఆర్ 315 అనే కంప్యూటర్‌కు అందించారు. అది తేల్చిన ఫలితాన్ని రౌండు రౌండుకూ వ్యాఖ్యానం జోడించి, నిజంగా జరుగుతున్న పోటీలాగే రేడియోలో వినిపించారు. ఫైనల్లో రాకీ మార్సియానో 13వ రౌండులో జాక్ డెంప్సీని నాకౌట్ చేశాడు.

ఆ టోర్నమెంటులో ముహమ్మద్ అలీ మధ్యలోనే ఓడిపోయాడు. 1899 నుంచి 1905 వరకు ఛాంపియన్‌గా ఉన్న జేమ్స్ జెఫ్రీస్ చేతిలో ఓడినట్టు కంప్యూటర్ చెప్పింది. వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు అదే ఏడాది అలీ టైటిల్, లైసెన్స్ రెండూ పోయాయి. దానికి తోడు, జరగని పోటీలో ఓటమి కూడా వచ్చి పడింది. పరువు తీశారంటూ పది లక్షల డాలర్లకు కోర్టుకెక్కాడు. చివరికి రాజీ కుదిరింది. మార్సియానోతో కలిసి కెమెరా ముందు నటించడానికి అలీ ఒప్పుకున్నాడు.

1969లో మయామీలోని ఒక స్టూడియోలో ఆ చిత్రీకరణ జరిగింది. మార్సియానోకు అప్పుడు 45 ఏళ్లు, రింగు వదిలి 13 ఏళ్లయింది. ఒళ్లు బాగా తగ్గించి, విగ్గు పెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ నిమిషం నిడివి రౌండ్లు డెబ్బైకి పైగా ఆడారు. ముగింపులు కూడా రకరకాలుగా తీశారు. ఏది వాడుకున్నారో మార్సియానో చూడలేదు. ఆగస్టు 31న, 46వ పుట్టినరోజుకు ముందు రోజు, విమాన ప్రమాదంలో చనిపోయాడు. 1970 జనవరి 20న సినిమా థియేటర్లలోకి వచ్చింది. అమెరికాలో చూసినవాళ్లకు 13వ రౌండులో అలీ నాకౌట్ అయ్యాడు. యూరప్‌కు పంపిన ప్రతిలో మార్సియానో ముఖం గాయాలతో రక్తమోడుతుంటే పోటీ ఆపేశారు, అలీ గెలిచాడు.

దీన్ని వ్యాపారుల మాయ అని కొట్టిపారేయడం తేలిక. డబ్బు కోసమే చేశారన్నదీ నిజమే. కానీ నాకు ఆ రెండు ముగింపుల్లోనూ నిజం కనిపిస్తుంది. రెండూ జరగగలిగినవే. కంప్యూటర్ లెక్కలో తప్పు వేరే చోట ఉంది. ప్రశ్ననే సగం అడిగారు. ‘అలీ, మార్సియానో తలపడితే ఎవరు గెలుస్తారు?’ అన్నది పూర్తి ప్రశ్న కాదు. ఏ ఏడాది అలీ, ఎన్ని రౌండ్లు, ఏ నియమాలు అన్నది కూడా చెబితేనే దానికి జవాబు వెతకడం మొదలవుతుంది.

ముందు ఏడాది సంగతి చూద్దాం. 1966 నవంబరులో హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ను మూడు రౌండ్లలో ముగించిన అలీ వేరు. 24 ఏళ్ల వయసు, దాదాపు 96 కిలోల బరువు, ఆ ఒడ్డూ పొడవూ ఉన్న మనిషి అంత తేలిగ్గా కాళ్లు కదపడం అంతకుముందు ఎవరూ చూడలేదు. మూడున్నరేళ్ల నిషేధం తర్వాత 1970లో తిరిగొచ్చిన అలీ ఇంకో మనిషి. కాళ్లు నెమ్మదించాయి, ఆ లోటును దెబ్బలు తట్టుకునే మొండితనంతో పూడ్చుకున్నాడు. 1974లో కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్‌ను గెలిచింది ఈ రెండో అలీయే. ఇక 1980 ఆరంభంలో మద్రాసు నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎలిస్‌తో ప్రదర్శన పోటీ ఆడిన అలీ మూడో మనిషి. మద్రాసు జనం చూసింది రిటైరైన 38 ఏళ్ల ఆటగాణ్ణి. అదే ఏడాది అక్టోబరులో డబ్బు కోసం, పేరు కోసం మళ్లీ రింగెక్కి లారీ హోమ్స్ చేతిలో దెబ్బలు తిన్న తీరు చూస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అందుకే వేర్వేరు తరాల ఛాంపియన్లు నిజంగానే ఎదురుపడిన సందర్భాలు మనకు అనుకున్నంత సాయం చేయవు. 1951 అక్టోబరులో మార్సియానో ఎనిమిదో రౌండులో జో లూయిస్‌ను తాళ్ల అవతలికి పడేశాడు. లూయిస్‌కు అప్పుడు 37 ఏళ్లు, అప్పులు తీర్చడం కోసం ఆడుతున్నాడు. అది చూసి లూయిస్ కంటే మార్సియానో గొప్ప అంటే, 1937 నుంచి దాదాపు 12 ఏళ్లు టైటిల్ చేజారనీయకుండా 25 సార్లు నిలబెట్టుకున్న లూయిస్‌కు అన్యాయం చేసినట్టే. 1988లో మైక్ టైసన్ నాలుగో రౌండులో కూల్చిన హోమ్స్‌కు 38 ఏళ్లు. ఇలాంటి పోటీలన్నీ వయసు గెలిచిన పోటీలు. ఒక్క ఫోర్‌మన్ మాత్రం లెక్క తప్పించాడు. 1994లో 45 ఏళ్ల వయసులో, తన కంటే 19 ఏళ్లు చిన్నవాడైన మైకేల్ మూరర్‌ను పదో రౌండులో ఒక్క కుడిచేతి దెబ్బతో పడగొట్టి మళ్లీ ఛాంపియన్ అయ్యాడు. అప్పటిదాకా ఆ పోటీలో వెనకబడే ఉన్నాడు. దెబ్బలో బలం చివరిదాకా మిగులుతుందన్న మాటకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నియమాల విషయం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. మామూలు వాదనల్లో జనం పూర్తిగా మరిచిపోయేది దీన్నే.

ఇప్పుడు టైటిల్ పోటీ 12 రౌండ్లు. 1980లకు ముందు 15. ఇంకా వెనక్కి వెళ్తే 1915లో హవానాలో జాక్ జాన్సన్, జెస్ విల్లార్డ్ పోటీకి 45 రౌండ్లు నిర్ణయించారు, ఎండలో 26వ రౌండు దాకా సాగింది. 15 నుంచి 12కు తగ్గడానికి కారణం ఒక విషాదం. 1982 నవంబరులో లాస్ వెగాస్‌లో రే మాన్సినీతో ఆడిన కొరియా బాక్సర్ కిమ్ డుక్-కూ 14వ రౌండులో కూలిపోయి కొద్ది రోజులకే చనిపోయాడు. ఆ తర్వాత మొదట వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్, ఆ దశకం ముగిసేలోగా మిగతా సంస్థలు 12 రౌండ్లకు దిగాయి. మంచి పనే చేశాయి.

ఆ మూడు రౌండ్లు తీసేసి చరిత్రను తిరగేసి చూడండి. 1952 సెప్టెంబరు 23న ఫిలడెల్ఫియాలో మార్సియానో టైటిల్ గెలిచిన పోటీ తీసుకుందాం. ఛాంపియన్ జెర్సీ జో వాల్కాట్ మొదటి రౌండులోనే అతన్ని కింద పడేశాడు. 12 రౌండ్లు ముగిసేసరికి మూడు స్కోరు కార్డుల్లోనూ వాల్కాటే ముందున్నాడు. 13వ రౌండులో తాళ్లకు ఆనుకున్న వాల్కాట్ దవడ మీద మార్సియానో కుడిచెయ్యి అడుగు దూరం కూడా ప్రయాణించకుండా పడింది. వాల్కాట్ ఒక చెయ్యి తాడు మీద వేలాడేసి మెల్లగా ముందుకు ఒరిగిపోయాడు. ఇప్పటి నియమాలైతే ఆ దెబ్బ పడే వేళకు పోటీ అయిపోయి ఉండేది. ఈ రోజుకీ అందరూ గౌరవంగా చెప్పుకునే 49 పోటీలు, 49 గెలుపులు అన్న రికార్డులో ఒక ఓటమి ఉండేది.

లూయిస్ సంగతీ అంతే. 1941 జూన్‌లో, 80 కిలోలు కూడా లేని బిల్లీ కాన్ అతన్ని 12 రౌండ్లపాటు ఆడించాడు. పాయింట్లలో కాన్ ముందున్నాడు. 13వ రౌండులో తనూ నాకౌట్ చేయాలన్న ఉబలాటంతో దగ్గరికి వెళ్లి లూయిస్ చేతికి చిక్కాడు. లూయిస్‌కు, మార్సియానోకు 13వ రౌండు అదృష్టం కొద్దీ దొరికింది కాదు. పదిహేను రౌండ్ల ఆట అని తెలుసు కనుక శక్తిని అలా దాచుకున్నారు, ప్రత్యర్థి కడుపు మీద కొట్టి కొట్టి చివరికి కాళ్లు ఆడకుండా చేసే పద్ధతి నేర్చుకున్నారు. 12 రౌండ్ల కాలంలో పుట్టి ఉంటే ఇంకోలా తయారయ్యేవాళ్లు.

డెంప్సీ మాటేమిటి? 1919లో టొలీడోలో, తనకంటే పాతిక కిలోలు ఎక్కువున్న విల్లార్డ్‌ను మొదటి రౌండులోనే ఏడుసార్లు కింద పడేశాడు. ఆ ఫిల్మ్ చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. విల్లార్డ్ పడిన చోటే డెంప్సీ నిలబడి ఉంటాడు, అతను లేవబోతుంటే మళ్లీ కొడతాడు. అప్పటికి అది తప్పు కాదు. ప్రత్యర్థి పడగానే దూరంగా ఉన్న మూలకు వెళ్లాలన్న నియమం తర్వాత వచ్చింది. 1927లో షికాగోలో జీన్ టన్నీని పడగొట్టిన డెంప్సీ వెంటనే మూలకు వెళ్లకపోవడంతో రిఫరీ లెక్కపెట్టడం ఆలస్యం చేశాడు. టన్నీకి దాదాపు 14 సెకన్లు దొరికాయి. లేచి పాయింట్ల మీద గెలిచాడు. డెంప్సీని ఇప్పటి రింగులో ఊహించేవాళ్లు అతని ఆయుధాల్లో ఒకటి ముందే లాక్కుంటున్నామని గుర్తుపెట్టుకోవాలి. ఆ పాత ఫిల్ములను నేటి వేగంలో తిప్పడం వల్ల మనుషులు తోలుబొమ్మల్లా గంతులేస్తూ కనబడతారు. వాళ్లకు ఆట రాదనుకోవడం పొరపాటు.

ఇక ఒళ్లు. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల విభాగంలో, 2023లో 50 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్ అయింది. రెండు కిలోల తేడాకే విభాగం మారిపోతుంది. బాక్సింగులో బరువుకు ఉన్న విలువ అది. అలాంటిది హెవీ వెయిట్‌కు పైన హద్దే లేదు. మార్సియానో టైటిల్ గెలిచిన రాత్రి 84 కిలోలకు అటూ ఇటూ ఉన్నాడు. ఈ రోజుల్లో హెవీ వెయిట్ కావాలంటే సుమారు 91 కిలోలు దాటాలి, కాబట్టి అతన్ని ఒక మెట్టు కింద క్రూయిజర్ వెయిట్‌లో ఆడిస్తారు. ఈ తరం హెవీ వెయిట్ టైసన్ ఫ్యూరీ ఎత్తు 6 అడుగుల 9 అంగుళాలు, బరువు 120 కిలోల దరిదాపు.

అంతమాత్రాన పాతవాళ్లను నేటి ఆజానుబాహులు నలిపేస్తారని చెప్పలేం. 1935లో 89 కిలోల లూయిస్, 118 కిలోల ప్రిమో కర్నేరాను ఆరు రౌండ్లలో ముగించాడు. నిన్నమొన్నటి రుజువు ఇంకా బలమైంది. 2024 మే నెలలో రియాద్‌లో క్రూయిజర్ వెయిట్ నుంచి పైకొచ్చిన ఒలెక్సాండర్ ఉసిక్, తనకంటే దాదాపు 18 కిలోలు ఎక్కువున్న ఫ్యూరీని ఓడించాడు. డిసెంబరులో ఫ్యూరీ ఇంకా బరువు పెంచుకుని వస్తే మళ్లీ ఓడించాడు. పొడవుగా ఉన్నవాడు కొట్టడం కూడా వస్తే కష్టం, ఒడ్డూ పొడవూ ఒక్కటే చాలదు. అయితే ఉసిక్ బరువు 101 కిలోలు, ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు అన్నది మరవకూడదు. మార్సియానో ఇంకో 17 కిలోలు తక్కువ, అయిదు అంగుళాలు పొట్టి. ఫ్యూరీ మీద మార్సియానో గెలుస్తాడని వాదించే అభిమానులను నేను గౌరవిస్తాను కానీ ఒప్పుకోలేను.

వీటన్నిటికంటే చిక్కైనది ఆట తీరు. ఒకణ్ణి ఒకడు గెలిచాడు, వాణ్ణి ఇంకొకడు గెలిచాడు కాబట్టి మూడోవాడే పెద్ద అన్న లెక్క బాక్సింగులో నిలవదు. 1970ల్లో నలుగురి కథ చూడండి. 1971లో జో ఫ్రేజియర్ అలీని ఓడించాడు, 15వ రౌండులో ఎడమ హుక్‌తో (చెయ్యి వంచి పక్కనుంచి విసిరే దెబ్బతో) వెల్లకిలా పడేశాడు. 1973 జనవరిలో కింగ్‌స్టన్‌లో ఫోర్‌మన్ అదే ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు కింద పడేశాడు. 1973 మార్చిలో కెన్ నార్టన్ అలీ దవడ విరగ్గొట్టి గెలిచాడు. ఏడాది తర్వాత కరాకస్‌లో ఫోర్‌మన్ నార్టన్‌ను కూడా రెండే రౌండ్లలో ముగించాడు. అలీని ఓడించిన ఇద్దరినీ చెరో రెండు రౌండ్లలో కూల్చినవాడు అలీని బతకనిస్తాడా? కొద్ది నెలలకే కిన్షాసాలో అలీ ఎనిమిదో రౌండులో ఫోర్‌మన్‌ను నాకౌట్ చేశాడు.

ఇందులో వింతేమీ లేదు, దగ్గరగా చూస్తే కారణం తెలుస్తుంది. ఫ్రేజియర్ తల ఊపుతూ, నడుం వంచుతూ ఎప్పుడూ ముందుకే వస్తాడు. వెనక్కి వంగి దెబ్బ తప్పించుకునే అలీకి ఆ ఎడమ హుక్ ఎప్పుడూ గండమే. కానీ తనంతట తాను దగ్గరికి వచ్చేవాడంటే ఫోర్‌మన్‌కు పండగ, రెండు చేతులతో భుజాలు తోసి నిలబెట్టి కింది నుంచి పైకి కొడతాడు. నార్టన్ జాబ్‌తో (ముందు చేత్తో సూటిగా విసిరే దెబ్బతో) అలీ జాబ్‌కు అడ్డుపడతాడు, అలీ లయ తెగిపోతుంది. ఫోర్‌మన్ ముందు అదే నార్టన్ వెనక్కి జరుగుతూ ఆడాల్సి వచ్చింది, వెనక్కి జరగడం అతనికి చేతకాదు. అలీ మాత్రం తాళ్లకు ఆనుకుని, చేతులు అడ్డం పెట్టుకుని ఫోర్‌మన్‌ను కొట్టనిచ్చి కొట్టనిచ్చి అలసిపోయేలా చేశాడు. కంప్యూటర్‌కు ఒక్కొక్కరి బలం అంకెగా ఇవ్వగలం. ఒకరి అలవాటు ఇంకొకరి అలవాటును ఎలా చెడగొడుతుందో అంకెలో ఇమడదు.

పైగా అదే ఇద్దరు మళ్లీ ఆడినా అదే ఫలితం రాదు. 1936లో మాక్స్ ష్మెలింగ్ 12వ రౌండులో లూయిస్‌ను నాకౌట్ చేశాడు. లూయిస్ జాబ్ వేశాక ఎడమచెయ్యి కిందికి జార్చడం గమనించి, ఆ ఖాళీలోంచి కుడిచెయ్యి పంపుతూ వచ్చాడు. రెండేళ్ల తర్వాత అదే లూయిస్ 124 సెకన్లలో ష్మెలింగ్ పని పట్టాడు. కాబట్టి ‘ఎవరు గెలుస్తారు’ కంటే ‘పదిసార్లు తలపడితే ఎవరు ఎన్నిసార్లు గెలుస్తారు’ అని అడగడం న్యాయం. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో టైసన్ మీద బస్టర్ డగ్లస్ గెలుపుకు లాస్ వెగాస్‌లో ఒకటికి 42 ఇస్తామన్నారు. 23 రోజుల ముందు తల్లిని పోగొట్టుకున్న డగ్లస్ ఎనిమిదో రౌండులో పడి లేచి, పదో రౌండులో టైసన్‌ను నాకౌట్ చేశాడు. ఏ ఊహా టోర్నమెంటులోనూ ఎవరూ రాయని ఫలితం అది.

ఇన్ని తెలిశాక అలీ, మార్సియానో పోటీని పూర్తిగా అడగొచ్చు. 1966 అలీ, 1952 మార్సియానో, 15 రౌండ్లు. అలీ చేతుల చాపు మార్సియానో కంటే పది అంగుళాలు ఎక్కువ. మార్సియానో దగ్గరికి చేరాలంటే ప్రతిసారీ రెండు మూడు జాబ్‌లు ముఖాన తినాలి. ఆ ముఖం చిట్లే ముఖం. 1954లో ఎజ్జార్డ్ చార్ల్స్‌తో రెండో పోటీలో ముక్కు నిలువునా చీలింది, పోటీ ఆపేస్తారన్న తొందరలో ఎనిమిదో రౌండులో చార్ల్స్‌ను ముగించాడు. అలాంటి తెగింపు అలీ మీద కూడా రెండు మూడుసార్లు ఫలిస్తుంది. కానీ 1966 అలీ ఒక చోట నిలబడడు. పదింటిలో ఏడు అలీవి, అందులో ఎక్కువ గాయాలవల్ల మధ్యలో ఆగినవే. 1975లో మనీలాలో ఫ్రేజియర్‌తో ప్రాణం మీదికి తెచ్చుకున్న అలీ అయితే మాత్రం సగం సగం.

1938 లూయిస్, 1988 టైసన్ అయితే నాలుగు రౌండ్లే ముఖ్యం. లూయిస్‌ను మొదట్లో పడేయొచ్చు, 1937లో బ్రాడాక్, 1939లో టోనీ గలెంటో పడేశారు. ఇద్దరినీ లూయిస్ లేచి నాకౌట్ చేశాడు. అయిదో రౌండు మొదలైతే నా మాట లూయిస్‌కే.

అన్నిటికంటే నన్ను ఊరించేది 1966 అలీ, 2024 ఉసిక్. ఎత్తు సమానం, బరువులో తేడా అయిదు కిలోలే, ఇద్దరికీ కాళ్లే ఆయుధం. అలీ సునాయాసంగా గెలుస్తాడనేవాళ్లు 1966 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కార్ల్ మిల్డెన్‌బెర్గర్‌తో అతను ఆడిన పోటీ పూర్తిగా చూడండి. మిల్డెన్‌బెర్గర్‌ది ఎడమచేతి వాటం. అలీకి జాబ్ దారి దొరకలేదు, 12వ రౌండు దాకా పాట్లు పడ్డాడు. ఉసిక్‌దీ ఎడమచేతి వాటమే, మిల్డెన్‌బెర్గర్ కంటే ఎన్నో రెట్లు మేటి. 15 రౌండ్లయితే ఒక్క రౌండు తేడాతో అలీ. 12 రౌండ్లయితే నా ఓటు ఉసిక్‌కు.